కొండకు పోసిన గంజి

నమోదు 412

నిన్న మూత దినం. దీవి మొత్తం నోరు కట్టుకుని కూర్చుంది. రోట్లో పిండి దంచలేదు, పడవలు ఒడ్డుకు లాగలేదు. ఎవరి చంటిపిల్లో ఏడిస్తే తల్లి ఎత్తుకుని వీధి చివరకు పోయింది. రాగి బావికి మూత బిగించాక, కొండ కడుపులోకి దించిన తీగల దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుని నేను కూర్చున్నాను. నా పని అదే. పేరు పోలాంబ అయినా ఈ కుంపటి దీవిలో అందరికీ నాడి మనిషినే. కొండకి నాడి చూస్తాను, చూసింది ఈ నమోదులో పెడతాను. తీరంలో ఉన్న పెద్దలు అడిగితే చదివి వినిపించాలట. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మామూలుగా మూత దినాన లోపల పేలాలు వేయించినట్టుంటుంది. రాయి వెంట్రుక మందాన చిట్లుతుంది. ఆ చిట్లులోకి మరిగే ఉప్పునీరు దూకి, చల్లారి, మోసుకొచ్చిన తెల్లరాయినీ రాగినీ అక్కడే వదిలేస్తుంది. దాంతో చిట్లు అతుక్కుపోతుంది. మళ్ళీ పక్కన ఇంకోటి మొదలు. ఆ చిటపటలు వింటూ నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటాను. నిన్న ఎంత చెవులు రిక్కించినా ఒక్క చిటుకు లేదు. తీగలు పాడయ్యాయేమోనని మార్చాను. హెడ్‌ఫోన్ తీసి విదిలించాను. నా గుండె చప్పుడు వినబడింది గానీ కొండది వినబడలేదు.

పొద్దున్న మూత తీశాం. నీరు వచ్చింది, ముక్కుతూ మూలుగుతూ వచ్చింది. పచ్చగా పొంగాల్సింది పాలిపోయి కారింది. ఆ నీటిని పాత ఓడల ఇనప ముక్కలు పరిచిన తొట్లలోంచి పారిస్తాం. నీళ్ళలోని రాగి ఇనుముకి ఎర్రటి మడ్డిలా పట్టుకుంటుంది, గీకి సంచులకెత్తుతాం. ఇవాళ గీకితే ఇనుమే వచ్చింది.

అయినా సాయంత్రం కొండ తల్లికి గంజి మాత్రం ఆగలేదు. తొట్లు దాటాక నీరు తెల్లగా, చిక్కగా మిగులుతుంది. దాన్ని పారబోయం. వంతు వచ్చిన ఇంటివాళ్ళు పసుపు కలిపి, బావి పక్క గొట్టంలోంచి మళ్ళీ కొండ కడుపులోకే వదులుతారు. "తాగమ్మా తల్లీ, నీది నీకే" అంటారు. మా అమ్మ మొదలుపెట్టిన ఆచారం ఇది. బావి కొత్తలో వేడావిరి ఎగదన్ని మనుషుల్ని కాల్చేస్తుంటే అమ్మ ఈ నీళ్ళు పోయించింది, కొండ చల్లబడింది. అప్పటినుంచి ఒక్క సాయంత్రం తప్పలేదు.

అందరూ తృప్తిగా ఇళ్ళకు పోయారు. నాకే కాలు నిలవడం లేదు.

నమోదు 413

మా చెల్లి నీలవేణి పొద్దున్నే వచ్చింది. ఇది బోరు మేస్త్రి. దీవిలో బోరు బండి మీద చెయ్యి వెయ్యాలంటే దీని అనుమతి కావాలి. నేను వినేదాన్ని, అది పొడిచేది. చిన్నప్పుడూ అంతే.

"అప్పా, మొకం అలగ పెట్టీసినావేటి? రాత్రి నిద్దర నేదా?"

"కొండ పలకడం నేదే నీలూ."

"అలిసిపోనాది. ఇన్నేళ్ళు తోడీసినాం గదా. ఇంకా లోతుకెల్తే పలుకుతాది."

"అలిసిపోయినోళ్ళు మూలుగుతారు. ఇది ఊపిరి బిగబట్టినట్టుంది."

"నీకు అన్నీ అలగే ఇనబడతాయి" అని నా గిన్నెలో సగం చద్దన్నం లాక్కుని తింది. 

నీలూది మొండి కాదు, ఆకలి. తీరం నుంచి బియ్యం ఓడ వస్తుంది. రాగి సంచులు ఎక్కించుకుని బియ్యం సంచులు ఇస్తుంది. దేశంలో పాత గనులన్నీ గుంటలై నీళ్ళు నిండాయి, తీగకి రాగి లేదు, తీగ లేకపోతే దీపం లేదు. అందుకే తీరంవాళ్ళు మమ్మల్ని ఇలా నిప్పు మీద కూర్చోబెట్టారు. రాగి తగ్గితే బియ్యం తగ్గుతుంది, ఇందులో ఎవరికీ మొహమాటం లేదు. దీవి పెద్ద గవరయ్య గారు కిందటి ఓడకే తగ్గిన బియ్యం సంచులు తల వంచుకుని దింపించుకున్నారు.

నీలూ వెళ్ళాక స్నానాల గదిలో గొట్టాలు శుభ్రం చేశాను. ఈ వారం నా వంతు. బావి నీటి వేడితోనే దీవంతా స్నానం చేస్తుంది. గొట్టాల్లో ఎప్పుడూ ఉండే తెల్ల పెచ్చు ఉలితో కొడితే గాజు పెంకులా రాలింది. ఇదివరకు వేలు పట్టే గొట్టంలో ఇప్పుడు చీపురు పుల్ల కూడా పట్టడం లేదు. వేడి నీళ్ళు రావడం లేదని నన్ను తిట్టినవాళ్ళని పిలిచి చూపించాను. చూసి, తొందరగా కానిమ్మన్నారు.

నమోదు 414

జెట్టీ దగ్గర ఆడవాళ్ళు గోల. ఆలిచిప్పలు ఏరుకోవడానికి పోతే, చిప్పలన్నీ ఎండు రాళ్ళ మీద నోళ్ళు తెరుచుకుని చచ్చి కంపు కొడుతున్నాయట.

వెళ్ళి చూశాను. పోటు మీద ఉంది సముద్రం. పోటులో మునగాల్సిన మెట్లు పొడిగా ఉన్నాయి. పడవ తాళ్ళు చాలడం లేదని మగవాళ్ళు ముడులేసి పొడుగు చేస్తున్నారు. "సముద్రం ఎనక్కెల్లిపోతంది నాడమ్మా, మంచిదే గదా, జాగా పెరుగుతాది" అన్నాడొకాయన. నవ్వు రాలేదు నాకు.

సముద్రం ఎక్కడికీ పోలేదు. మేమే పైకి లేచాం. దీవి ఉబ్బుతోంది.

గవరయ్య గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన తీరంలో చదువుకుని వచ్చిన మనిషి, మా అమ్మ దగ్గర కొండ గురించి నేర్చుకున్న మనిషి కూడా. మంచివాడు. మంచివాళ్ళకుండే జబ్బు ఆయనకీ ఉంది, ఎవరికీ కాదనలేడు. మెట్లు చూపించాను. ఆయన పొడి మెట్లు లెక్కపెట్టారు.

"అంటే కింద ఒత్తిడి పెరుగుతోంది."

"అవునండి."

"మరి బావిలో తగ్గుతోంది కదమ్మా. ఒకే కడుపు కదా రెండూ?"

ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది. ఇంటికొచ్చి వంట చేశాను, ఉప్పు రెండుసార్లు వేశాను, తినలేక కుక్కకి పెట్టాను. అదీ తినలేదు.

నమోదు 416

నిన్నటిది రాయలేదు. ఇంట్లోనూ బయటా కాలుగాలిన పిల్లిలా తిరిగాను, అది నమోదు చెయ్యదగ్గ పని కాదు.

ఇవాళ గంజి వంతు మాది. వంతు నాడు తెల్ల చీర కట్టాలి, అది ఫెళఫెళలాడుతూ ఉండాలి, అమ్మ పెట్టిన పద్ధతి. అన్నం వార్చిన గంజి చీరకి పెట్టి, తడి ఆరే ఓపిక లేక, బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి అలాగే రుద్దాను. పెట్టె బాగా కాలి ఉంది. తగలగానే నీరు చుయ్యిమని ఆవిరై, గంజి అక్కడికక్కడే గడ్డకట్టింది. చీర ఆ మేర అట్టలా బిగిసిపోయింది. విసుక్కుంటూ ఆ గడ్డ కడగబోయి చెంబుతో నీళ్ళు పోశాను. నీళ్ళు లోపలికి ఇంకలేదు, పైనుంచి జారిపోయాయి.

చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

మేం పోసే గంజిలో ఉన్నది అన్నం కాదు, కరిగిన తెల్లరాయి. స్నానాల గొట్టాన్ని మూసింది అదే. అంత చిక్కటి నీళ్ళని ప్రతి సాయంత్రం బావి అడుగుకి పంపుతున్నాం. అక్కడ రాయి ఇస్త్రీపెట్టె కన్నా ఎన్నో రెట్లు కాలి ఉంటుంది. తగలగానే నీరు ఆవిరై, తెల్లరాయి అంటుకుపోతుంది. ఇన్నేళ్ళుగా పొర మీద పొర. బావికీ కింది కడుపుకీ మధ్య మేమే ఒక మూత వేశాం, పసుపు వేసి, దణ్ణం పెట్టి మరీ వేశాం. మూతకి పైన మాకు దొరుకుతున్నది అడుగంటిన మురికి. అసలు నీరంతా మూత కింద ఊరుతోంది, పైకి దారి లేక దీవినే ఎత్తుతోంది.

తర్వాత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం చాలా చెడ్డది, చీర మీద తీర్చుకున్నాను.

నమోదు 417

గవరయ్య గారు అంతా విన్నారు. లేచి కిటికీలోంచి కొండని చూస్తూ, మా అమ్మ చెప్పిన పాఠమే నాకు అప్పజెప్పారు.

కింద కరిగిన రాయి ఉంది. సముద్రం అడుగు భూమి కిందకి దిగిపోతూ తనతో తీసుకుపోయిన నీళ్ళన్నీ ఆ కరుగులో కలిసి ఉన్నాయి. కరుగు చల్లారి గట్టిపడుతుంటే రాయిలో నీళ్ళకి చోటుండదు. ఉప్పునీ, రాగినీ, గంధకాన్నీ చంకనేసుకుని అవి బయటకొచ్చేస్తాయి. గట్టిపడిన పైపెచ్చు కింద చేరి తోస్తాయి. పెచ్చు లోలోపలే వేయి ముక్కలుగా చిట్లితే, ఆ చిట్లలో రాగి దిగి నిలిచిపోతుంది. అలా కాక పెచ్చు ఒక్కసారే పగిలి నోరు తెరుచుకుంటే రాగంతా పొగతో ఆకాశానికి పోతుంది.

"నోరు మూసుకున్న కొండలే రాగి దాచుకున్నాయి, అరిచిన కొండలకి బూడిదే మిగిలింది. మీ అమ్మ మాట" అన్నారు.

"ఇప్పుడు బోరు దింపితే అరుస్తాదండి. కొండ మీదున్న మనం ఎవరం మిగలం."

"దింపకపోతే?"

"దాని దారి అది చూసుకుంటాది. లోపల చిట్లొచ్చు, అరవనూ వచ్చు. తెలీదు. మనం ఇక్కడ ఉండకూడదు. అంతే."

ఆయన తీరానికి కబురు పంపారు, ప్రమాదం అని. జవాబు సాయంత్రానికల్లా వచ్చింది. ఒత్తిడి గమనిస్తూ పని కొనసాగించండి, పాత బావిలోనే ఇంకా లోతుకు బోరు దించండి, బోరు మేస్త్రికి మా అభినందనలు. పక్క దీవి వాళ్ళు ప్రమాదం అన్నప్పుడు కూడా ఇదే జవాబు, అభినందనలతో సహా. ఆ దీవిలో ఇప్పుడు అభినందించడానికి ఎవరూ లేరు.

మనుషుల్ని తీసుకెళ్ళే ఓడ రావాలంటే ఒక్కటే కారణం పనికొస్తుంది. బావి చచ్చిపోవాలి. చచ్చింది అని నాడి మనిషి కబురు చేస్తే ఓడ వస్తుంది. పరీక్షించి బోరు మేస్త్రి కూడా చచ్చిందంటే ఆ దీవిని లెక్కలోంచి కొట్టేస్తారు, ఇంకెవర్నీ పంపరు.

కొండ పుట్టిన దగ్గర్నుంచి ఇంత ప్రాణంతో ఎప్పుడూ లేదు. దాన్ని చచ్చిందనాలి నేను. అది చాలదు. అబద్ధం అంటే గిట్టని నా చెల్లి చేత అనిపించాలి.

నమోదు 418

చెప్పాను నీలూకి. తొట్ల దగ్గర, దాని మనుషుల్ని దూరంగా పంపించి, మెత్తగా చెప్దామనుకునే మొదలుపెట్టాను. మెత్తదనం నాకెప్పుడు చేతనైంది గనక.

గంజి మాట రాగానే దాని మొహం మారిపోయింది.

"అంటే అమ్మ సేసిన పనే తప్పంటావా?"

"తప్పని నాననేదు. అప్పుడు బావి ఎగదన్నుతుంటే అదే మందు. రోగం తగ్గినాక కూడా మందు పోస్తానే ఉన్నాం, అదే తప్పు. అది మనది."

"అమ్మ సచ్చిపోయే ముందు నా సెయ్యట్టుకుని ఏటడిగిందో తెలుసా నీకు? తల్లికి గంజి మానకండమ్మా అన్నాది. నీళ్ళు కావాలని గూడా అడగనేదు, అదే అడిగింది."

"తెలుసు."

"తెలిసీ ఈ మాటంటన్నావా?" తొట్లోంచి ఒక ఇనప ముక్క తీసి పట్టుకుంది. "అప్పా, నాకు ఈ దీవి తప్ప ఏటీ నేదు. నువ్వు తీరంలో పుట్టినావు, నాను ఇక్కడే పుట్టినాను. అమ్మని ఈ కొండ మీదే పెట్టినాం. బతికున్న కొండని సచ్చిందని సెప్పీసి, అమ్మనొగ్గీసి ఎల్లిపోమంటావా?"

"నువ్వు బోరు దింపితే ఎల్లిపోడానికి గూడా ఎవలూ మిగలరు నీలూ."

"అది నీ సెవులు సెప్పిన మాట. నా బోరు సెప్పినప్పుడు నమ్ముతాను." చేతిలోని ఇనప ముక్క తొట్లో విసిరికొట్టి వెళ్ళిపోయింది. రేపట్నుంచి బోరు బండి సిద్ధం చేస్తుందట.

దాని తప్పేం లేదు. నా చెల్లి మీద నాకు ప్రాణం, అందుకే దాన్ని చెంపమీద ఒక్కటి ఇవ్వాలనిపించింది.

నమోదు 419

కబురు పంపేశాను. కుంపటి దీవి బావి చచ్చింది, నాడి లేదు, మనుషులకి ఓడ పంపండి. పంపే యంత్రం గవరయ్య గారి గదిలో ఉంటుంది. నేను వెళ్ళేసరికి ఆయన చెప్పులేసుకుంటున్నారు. "నువ్వేం పంపుతున్నావో నేను చదవలేదు పోలాంబా" అని, ఎండలో గొడుగు కూడా లేకుండా వాకిలి దాటిపోయారు. ఆయన జీవితంలో ఎవరికైనా కాదని చెప్పడం అదే మొదలనుకుంటాను, అదీ తీరానికి.

పూట గడవకముందే దీవి అంతా తెలిసింది. కొందరు ఏడ్చారు. కొందరు నా గుమ్మం ముందు నిలబడి తిట్టారు. ఊరుకుంటే పోయేదానికి నాడమ్మ ఊరిని ముంచిందన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఒకావిడ. అవును, కత్తిపీటకే దురదగా ఉంది, ఏం చెయ్యను. లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చాను. తాగి మళ్ళీ తిట్టింది.

సాయంత్రం గంజి పొయ్యనివ్వకుండా గొట్టానికి తాళం వేశాను. వంతువాళ్ళు పసుపు నీళ్ళ కుండలతో అక్కడే నిలబడిపోయారు. ఒక ముసలామె గొట్టం మీద చెయ్యేసి, పెద్దదిక్కు పోయిన ఇంటి ముందు నిలబడినట్టు నిలబడింది. అయినా తాళం తియ్యలేదు.

హెడ్‌ఫోన్‌లో నిశ్శబ్దం. జెట్టీ దగ్గర ఇంకో మెట్టు బయటపడింది.

నమోదు 421

నిన్నంతా ఎదురుచూశాక ఓడ వచ్చి లంగరు వేసింది. కెప్టెన్ సత్యమూర్తి గారని, తీరం మనిషి, మర్యాదస్తుడు, గడియారం చూసుకునే మనిషి. "గాలి తిరుగుతోందమ్మా, ఎక్కువసేపు ఉండలేను. అందరినీ ఎక్కించండి. పగడపు గట్టు దాటేలోపు నాకు రెండు మాటలూ కావాలి, నాడివారిదీ, బోరువారిదీ. రెండూ కలిస్తే తీరానికి తీసుకెళ్తాను. కలవకపోతే మీ అందరినీ మళ్ళీ ఇక్కడే దింపాలి. నా చేతుల్లో లేదు" అన్నారు.

అందరూ మూటలతో ఓడెక్కుతుంటే కొండమీద బోరు బండి మోత మొదలైంది.

మెట్లన్నీ ఎక్కి పరుగెత్తాను. నా వయసుకి అది పరుగనిపించుకోదు. వెళ్ళేసరికి నీలూ ఒక్కతే ఉంది. తన మనుషుల్ని ఓడకి పంపేసింది. పోతే తానొక్కతే పోవాలని కాబోలు.

"ఆపే, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపే!"

వినలేదు. కడ్డీకి కడ్డీ తగిలిస్తూ దింపుతోంది. దింపుతూ దింపుతూ ఒకచోట చెయ్యి ఆగింది. బోరు అడుగున గట్టిది తగిలింది. నీలూ మోటారు తగ్గించి, కడ్డీ మీద అరచెయ్యి ఆనించింది. చంటిపిల్ల జ్వరం చూసినట్టు అలా ఆనించి చూడటం అమ్మ నేర్పిన పని.

మోటారు ఆపేసింది. మోత పోయింది. అంత బరువు కడ్డీ, గుదిగుచ్చిన ఇనుమంతా, దాని చెయ్యి కింద నుంచి మెల్లగా పైకి లేస్తోంది. ఎవరూ లాగడం లేదు. కింద నుంచి ఎవరో తోస్తున్నారు.

నీలూ నా వైపు చూసింది. దాన్ని అలా భయపడగా నేనెప్పుడూ చూడలేదు.

"అప్పా, అడుగున మెత్తగా నేదు. గాజు మీద ఆనినట్టుంది. దాని కింద..."

ఇద్దరం కలిసి కడ్డీకి పట్లు బిగించాం, మూత దించాం, పైనుంచి సిమెంటు కలిపి బోరు గొట్టం నిండా పోశాం. అయ్యాక అది అమ్మ గోరీ వైపు వెళ్ళింది, నేను వెంట పోలేదు. తిరిగొచ్చేటప్పుడు దాని కొంగున పిడికెడు ఎర్రమట్టి ఉంది.

"ఓడలో ఏటి సెప్తావే?" అనడిగాను మెట్లు దిగుతూ.

"బావి బతికుంది. నా సేత్తో సూసినాను" అంది.

నమోదు 422

ఇది ఓడ మీద రాస్తున్నాను.

లంగరు ఎత్తారు. పగడపు గట్టు ఎదురుగా తెల్లటి నురగ గీతలా కనిపిస్తోంది. దాన్ని దాటేలోపు బావి బతికుందని నీలూ చెప్తే అందరం వెనక్కి. వెనక్కంటే మళ్ళీ బోరు. ఈసారి తీరం నుంచి పెద్ద యంత్రాలు, పెద్ద మనుషులు, కడ్డీ మీద చెయ్యి ఆనించి చూడని మనుషులు. బతికుందని చెప్పడం ఏ తప్పూ కాదు, అది నిజం. నిజం చెప్పినందుకు దాన్ని నేనెలా తిట్టను?

కూర్చోలేక, తెచ్చుకున్న తీగ నీళ్ళలోకి వదిలాను. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అలవాటు. దీవి అడుగు ఇంకా దగ్గరే, నీళ్ళలో చప్పుడు బాగా నడుస్తుంది.

ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత ఓడ అడుగున ఎవరో గుద్దినట్టు ఒక్క దెబ్బ. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. అందరూ కొండ వైపు చూశాం. నేను కళ్ళు మూసుకున్నాను, పొగ చూడటానికి ధైర్యం చాలలేదు.

పొగ రాలేదు. నా చెవుల్లో మొదలైంది.

ఒక చిటుకు. ఇంకోటి. తర్వాత పది కుంపట్ల మీద ఒకేసారి పేలాలు పోసినట్టు, వేలు, లెక్కలేనన్ని. మూత కింద బిగబట్టిన కడుపు పైకి కాక లోలోపలికి, అన్ని పక్కలకీ, వెంట్రుకవాసి చిట్లుగా విచ్చుకుంటోంది. ప్రతి చిట్లులోకీ మరిగే నీరు దూకుతోంది. చల్లారుతోంది. రాగి దిగుతోంది. మా అమ్మ పాఠంలో మాత్రమే ఉన్న ఇంత పెద్ద పనిని నా చెవులారా విన్నాను. ఏడ్చేశాను, దాచుకోలేదు.

నీలూ పక్కకొచ్చి నిలబడింది. కొంగులో మట్టి పట్టుకునే ఉంది. ఏమీ అడగకుండా హెడ్‌ఫోన్ తీసి దాని తలకి పెట్టాను.

కళ్ళు మూసుకుని వింది.

"అమ్మ పోసిందంతా..." అంది. "అప్పా, ఆ మూతే గదా దీన్ని అరవనీకుండా పట్టుకుంది? ఆ గంజే గదా?"

అది నాకు తోచలేదు. ఇంత చెవి ఉండీ తోచలేదు. బలమైన మూత లేకపోయుంటే ఆ దెబ్బకి కొండ నోరు తెరిచి ఉండేదే. "అవునే, అదే" అన్నాను. అవునో కాదో ఏ నాడి మనిషీ తేల్చి చెప్పలేదు. నేను చెప్పాను.

అప్పుడే కెప్టెన్ గారు వచ్చారు. "ఏమిటా దెబ్బ? దీవిలోంచేనా? చూడండమ్మా, గట్టు వచ్చేసింది. లోపల ఇంకా ఏమైనా మిగిలుంటే ఇప్పుడే చెప్పండి, ఓడ తిప్పుతాను. నాడివారి మాట నా దగ్గరుంది. బోరువారు చెప్పాలి."

మూటల మీద కూర్చున్నవాళ్ళంతా నీలూ మొహంలోకి చూశారు. గవరయ్య గారు తన చెప్పులకేసి చూసుకున్నారు. దాని చెవుల మీద హెడ్‌ఫోన్ అలాగే ఉంది, అందులోంచి చిటపటలు నా దాకా వినబడుతున్నాయి. కెప్టెన్ గారికి ఆ చప్పుడు వినబడకూడదని నేను రెండు చేతులూ దాని చెవుల మీద వేసి అదిమిపట్టాను, తలనొప్పికి నొక్కినట్టు.

నీలూ కొండనే చూస్తోంది. దాని కళ్ళలోంచి నీళ్ళు కారి నా వేళ్ళ మీదుగా జారాయి.

"సచ్చిపోనాదండి" అంది. "నా సేత్తో సూసినాను. లోన ఏటీ నేదు."

"పాపం" అన్నారాయన. టోపీ తీసి ఒక్క క్షణం పట్టుకుని, కబురు పంపడానికి లోపలికి వెళ్ళారు.

బావి స్థితి: చచ్చింది. సాక్షి: మా చెల్లి నీలవేణి.

గట్టు దాటాం. చప్పుడు ఇంకా అందుతూనే ఉంది. హెడ్‌ఫోన్ నాకివ్వమంటే ఇవ్వడం లేదు, దాని వంతట.